దురాయి గెలిపించిన అధ్యక్షుడు

మొన్న మా ఇంటికి వచ్చిన కుర్ర లెక్చరరు పేరు వినయ్. యూనివర్సిటీలో చరిత్ర చెబుతాడట. విద్యార్థి సంఘం చరిత్ర, దానికి ఎన్నికైన వాళ్ల వివరాలు కలిపి ఒక పుస్తకం వేస్తున్నారనీ, ఆ పని తన నెత్తిన పడిందనీ చెప్పాడు. కాఫీ గ్లాసు చేతికి తీసుకుంటూ నన్ను అడిగిన మొదటి మాట, అప్పట్లో నిజంగానే ఓట్లు వేసేవాళ్లా మేడం, అని. నేను మా అమ్మమ్మను జట్కాబండి గురించి అడిగినట్టు అడిగాడు. నవ్వొచ్చింది, వెనకే కోపమూ వచ్చింది. అతని తప్పేం లేదు పాపం. అతను కాలేజీ మెట్లెక్కేనాటికి ఎన్నికలు ఎత్తేసి ఎంతో కాలమైపోయింది. క్యాంపస్‌లో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు చూశాడు, కేకులు కోయడం చూశాడు. బ్యాలెట్ పెట్టె చూడలేదు.

అధ్యక్షుల పేర్లన్నీ సంపాదించాడు. ఒక్కొక్కరూ ఏం సాధించారో, తర్వాత ఏమయ్యారో రాసుకున్నాడు. చివరి అధ్యక్షుడు పోలయ్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతనికి ఏమీ దొరకలేదు. వ్యక్తిగత కారణాలతో కొద్దిరోజులకే రాజీనామా చేశాడన్న ఒక్క ముక్క తప్ప. అవతలి వాళ్లకు అమ్ముడుపోయాడని కొందరూ, బెదిరిస్తే భయపడ్డాడని కొందరూ చెప్పారట. మీరు ఆ కమిటీలోనే ఉన్నారు కదా మేడం, అసలు సంగతి ఏమిటి అని అడిగాడు. అసలు సంగతి నాకు తెలుసు. ఎవరికీ చెప్పనని పోలయ్యకు మాటిచ్చాను కాబట్టి ఇన్నేళ్లూ చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. ఆయన్ను అడిగి చెబుతానన్నాను. అతను వెళ్లాక వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను గానీ, మనసు కుదురుగా లేదు.

అప్పట్లో మేం కావలిలో చర్చి వెనక వీధిలో ఉండేవాళ్లం. నాన్నకు బజారులో గడియారాలు బాగుచేసే కొట్టు. ఇంట్లోనూ కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద గాజు మూతల కింద విప్పిన వాచీలు. ఆ బల్ల దగ్గర గట్టిగా తుమ్మినా ఊరుకునేవాడు కాదు. ఆయన చొక్కాలు ఎప్పుడూ పెట్రోలు వాసన వేసేవి. అమ్మ వాటిని విడిగా నానబెట్టి ఉతికేది. పొద్దున్నే కీర్తన పాడనిదే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. నాన్న ఎత్తుకునేవాడు, అమ్మ గొంతు కలిపేది, నేను దుప్పట్లో నుంచే పెదాలు కదిపేదాన్ని. నాన్న సంఘపెద్ద. మా ఇంట్లో సంఘం అంటే చర్చికొచ్చే విశ్వాసులే, ఇంకో అర్థం లేదు. అందుకే నేను యూనివర్సిటీ కాలేజీ నుంచి వచ్చి సంఘం ఎన్నికల్లో నన్ను నిలబడమంటున్నారని చెబితే, అమ్మ చెరుగుతున్న చాట కింద పెట్టి, ఆడపిల్లవి నువ్వు సంఘానికి పెద్దవేంది మే, పాస్టరుగారు ఒప్పుకున్నాడా అని అడిగింది. అది విద్యార్థుల సంఘమని విడమరిచి చెప్పాను. మరి మొదలుపెట్టేటప్పుడు ప్రార్థన ఎవరు చేస్తారంది. ఎవరూ చెయ్యరని తెలిశాక ఆమెకు మా యూనియన్ మీద నమ్మకం సగానికి సగం తగ్గిపోయింది.

యూనియన్‌కు అధ్యక్షుడు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి, ఆడపిల్లల తరఫున ఒక లేడీ రిప్రజెంటేటివ్ ఉండేవాళ్లు. ఆ చివరి పదవిని అందరూ ఎల్.ఆర్. అనేవాళ్లు. నేను ఏకగ్రీవంగా ఎల్.ఆర్.నయ్యాను. అందులో నా గొప్పేం లేదు, తతిమ్మా ఆడపిల్లల్ని వాళ్ల ఇళ్లలో నామినేషన్ వెయ్యనివ్వలేదు, అంతే. అధ్యక్ష పదవి ఏటా మాగాణి ఊళ్ల మోతుబరుల కొడుకుల మధ్యే తిరిగేది. నామినేషన్ నాడు జీపులు దిగేవి. వాళ్లంతా పనికిమాలినవాళ్లని అనను. ఒకాయన బస్సు పాసుల కోసం డిపో గేటు ముందు ఎండలో పడుకుని జ్వరం తెచ్చుకున్నాడు. ఇంకొకాయన వైస్ ఛాన్సలర్ గది ముందు బైఠాయించి లైబ్రరీని పొద్దుపోయేదాకా తెరిపించాడు. మరొకాయన ఏడాది పొడుగునా ఏం చేశాడో దేవుడికే తెలియాలి గానీ, యూనియన్ గదిలో అందరికంటే పెద్ద ఫోటో ఆయనదే. ఎంత పెద్ద ఇంటివాడైనా ఓటు కోసం మా క్లాసుకు రావాల్సిందే. నల్లబల్ల పక్కన నిలబడి మా ఎకసెక్కాలన్నీ నవ్వుతూ భరించాల్సిందే. ఆ భరించడమే యూనియన్ అని నాకిప్పుడు అనిపిస్తుంది. ఇవాళ విద్యార్థుల మాట వినాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఆ ఏడు గొడవ ఎండుచేపలతో మొదలైంది. సముద్రపు ఒడ్డు పాళేల నుంచి వచ్చిన పిల్లలు కొందరు హాస్టల్లో ఉండేవాళ్లు. మెస్సు వాళ్లు పోసే నీళ్ల సాంబారు గొంతు దిగక, ఇంటి దగ్గర నుంచి ఎండు నెత్తళ్లు వేయించి తెచ్చుకునేవాళ్లు. పక్క గదుల వాళ్లు వాసనని ఫిర్యాదు చేశారు. హాస్టల్లోకి ఎండుచేపలు తేరాదని వార్డెను నోటీసు అంటించాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ పిల్లలు క్లాసులోకి వస్తుంటే కొందరు ముక్కులు మూసుకోవడం మొదలుపెట్టారు. చేప దొరికిన ఆదివారం పులుసు గిన్నె నాకి వదిలిపెట్టేవాళ్లే ఆ ముక్కులు మూసుకున్నవాళ్లు కూడా. అదీ నా మంట.

పోలయ్య ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చదివేవాడు. నాకంటే ఒక తరగతి పైన, అందుకని పోలన్నా అనేదాన్ని. జువ్వలదిన్నె దాటాక సముద్రం అంచున ఒక చిన్న పాళెం వాళ్లది. ఊరి పేరు ఇక్కడ రాయను. ఆ పాళెంలో కాలేజీ దాకా వచ్చినవాళ్లు అప్పటికి ఇతనూ, శీనయ్య అనే అతని ఈడువాడూ, చిన్న తరగతుల్లో ఇంకొందరూ. పోలన్న గొడవపడే మనిషి కాదు. ఎదుటివాళ్ల ముఖంలోకి కాకుండా వాళ్ల భుజం మీదుగా ఎక్కడో దూరంగా చూస్తూ మెల్లిగా మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం వార్డెను నోటీసు పక్కనే తనూ ఒక కాగితం అంటించాడు. మాకు నెయ్యి వాసన పడదు, అయినా మేం ఎవరినీ మానమనలేదు, అని అందులో రాశాడు. మధ్యాహ్నానికి కాలేజీ అంతా ఆ మాటే. సాయంత్రానికి నువ్వే అధ్యక్షుడిగా నిలబడాలని పాళేల పిల్లలూ, మా చర్చి పిల్లలూ, హాస్టల్లో మాట పడ్డవాళ్లందరూ అతని చుట్టూ చేరారు.

మా దగ్గర జీపులు లేవు. మా పెరడే ఎన్నికల ఆఫీసైంది. పోస్టర్లకు బంక మా అమ్మే కాచేది. కుండలో మైదాపిండి ఉడుకుతుంటే అందులో మైలుతుత్తం వేసి కలిపేది, గోడల మీద కాగితాలను మేకలు పీక్కు తినకుండా. ఆ నీలి బంక వాసన నాన్న పెట్రోలు వాసనతో కలిసి ఇల్లంతా కమ్ముకునేది. ప్రార్థన లేని సంఘం కోసం నేనెందుకు చేతులు కాల్చుకోవాలి అని సణుగుతూనే పోలన్న వస్తే అన్నం పెట్టేది. అతను మా ఇంట్లో కుర్చీలో కూర్చునేవాడు కాదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడి తినేవాడు. కూర్చో నాయనా, అధ్యక్షుడివి కాబోతా ఉండావు, నిలబడి తింటే కడుపుకు ఆనదు అని అమ్మ దెప్పేది.

గెలిచాడు. అందరం ఏడ్చాం. పూలదండ వేస్తే అతను తీసి నా చేతికిచ్చి, అమ్మకియ్యి, బంక కాచింది ఆమె అన్నాడు. ప్రమాణ స్వీకారం రోజు ఎండుచేపల నోటీసు పీకేయాలనీ, అదే కొత్త యూనియన్ మొదటి పని కావాలనీ అనుకున్నాం.

ప్రమాణం ఇంకా కాలేదు. ఒక మధ్యాహ్నం పోలన్న మా ఇంటికి వచ్చాడు. నాన్న కంటికి అద్దం పెట్టుకుని వాచీలోకి వంగి ఉన్నాడు. అతను రాగానే మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, పాళెంలో తన కోసం దురాయి వేశారని.

దురాయి అంటే పాళెం పెద్దకాపులు, అంటే ఊరి పెద్దలు, కూర్చుని వేసే కట్టుబాటు. దాన్ని దాటినవాళ్లతో ఊళ్లో ఎవరూ మాట్లాడరాదు, నిప్పూ నీళ్లూ ఇవ్వరాదు, వాళ్ల పడవ మీద చెయ్యి వెయ్యరాదు. ఇసుకలో ఉన్న పడవ నీళ్లలోకి దిగాలంటే ఊరి భుజాలు కావాలి. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. అంటే దురాయి పడ్డ ఇల్లు సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని పస్తుండాలి. మన పిల్లోడు కాలేజీ సంఘానికి పెద్దగా నిలబడినాడు, పాళెం పిల్లలందరూ వాడికే వెయ్యాలని పెద్దలు తీర్మానించారు. ఇతన్ని అడగలేదు. అడగాలని వాళ్లకు తోచనే లేదు. వాళ్ల లెక్కలో సంఘం అంటే ఊరిలాంటిదే, దానికి పెద్దను ఎన్నుకోవడమంటే అందరూ ఒక్క మాట అనడమే. పెట్టెలో దాచి వేసే ఓటు వాళ్ల దృష్టిలో దొంగపని. శీనయ్య అవతలి అభ్యర్థిని ప్రతిపాదిస్తూ సంతకం పెట్టాడు. ఆ అభ్యర్థి అతనికి హాస్టల్లో సీటు రావడానికి సాయపడ్డాడు, ఆ విశ్వాసం. సంతకం సంగతి ఊరికి తెలిసింది. అప్పటి నుంచి శీనయ్య నాన్న పడవ ఒడ్డునే ఉంది. గెలిచి ఊరికి పోయాకే ఇతనికి ఇదంతా తెలిసింది.

పోలన్న పోయి పెద్దల కాళ్లు పట్టుకున్నాడట. నువ్వు గెలిచినావు గదా, ఇంక నీకేంది అన్నారట. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారా అని శీనయ్య నాన్నను వాకిట్లో నిలబెట్టి అడిగారట. చివరికి ఒక పెద్దాయన కనికరించి దారి చెప్పాడు. ఏ పని మీద దురాయి వేశారో ఆ పనే లేకుండా పోతే, దురాయి కూడా లేనట్టే. అంటే పోలన్న అధ్యక్షుడిగా ఉన్నంతకాలం శీనయ్య ఇంటికి సముద్రం లేదు.

నాన్న కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన సంఘపెద్దగా ఎంతమందికి చర్చిలో ప్రభువు బల్ల రొట్టె అందకుండా చర్య తీసుకున్నాడో నాకు తెలుసు. ఆ తీర్పులు చెప్పి వచ్చిన రోజు రాత్రి అన్నం తినేవాడు కాదు.

"మా సంఘంలో గూడా తప్పు చేసినోణ్ణి ప్రభువు బల్లకు రానియ్యం పోలయ్యా," అన్నాడు. "అయితే బల్లకు రాకపోతే మనిషి ఆకలితో చావడు."

పోలన్న తల ఊపాడు. రాజీనామా చేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. జరిగింది అందరికీ చెబుదాం, ప్రిన్సిపాల్‌కు చెబుదాం, పోలీసులకు చెబుదాం అని అరిచాను. అతను ఎప్పటిలా నా భుజం మీదుగా కాకుండా నేరుగా నా వైపు చూశాడు.

"చెప్పబాకు దయమ్మా. మా ఊరు ఇట్టా చేసిందని తెలిస్తే, ఇన్నాళ్లూ ముక్కు మూసుకున్నోళ్లు రేపట్నుంచి నోరు తెరుస్తారు."

చెప్పనన్నాను. సొంత పనులున్నాయని రాసి అతను రాజీనామా ఇచ్చాడు. మరుసటి రోజే శీనయ్య వాళ్ల పడవ నీళ్లలో పడిందని విన్నాను. కాలేజీలో మాత్రం మా పక్షం వాళ్లే అతన్ని ఎక్కువ తిట్టారు. ఎవరో అతని గది తలుపుకు గాజులు కట్టి వెళ్లారు. నోటీసు అలాగే ఉండిపోయింది. మళ్లీ ఎన్నిక పెడతామని వాయిదా వేస్తూ వచ్చారు. ఇంతలో రాష్ట్రమంతటా విద్యార్థి ఎన్నికలే ఆగిపోయాయి. కాకి వాలగానే తాటిపండు పడ్డట్టు, పోలయ్య వల్లే యూనియన్ మూతపడిందన్న మాట స్థిరపడిపోయింది. ఆ మాట అన్న ప్రతిచోటా నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఉద్యోగంలో, పెళ్లిళ్లలో, చర్చి మెట్ల మీద, ఎక్కడ విన్నా కడుపు మండేది. లోకంలో ఒక్క మంచివాడు నాకు తెలుసు, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేను అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ నమ్మకం మీదే చాలా ఏళ్లు బతికాను.

అతను చదువు ముగించి కొన్నాళ్లు ఉద్యోగాల కోసం తిరిగి, వాళ్ల నాన్న పోయాక పడవ మీదికి వెళ్లిపోయాడని తెలుసు. మా నాన్న భూస్థాపనకు వచ్చి దూరంగా నిలబడి మన్ను వేసి వెళ్లాడు. ఆ తర్వాత చూసింది ఈ వారమే. వినయ్ కారులో తీసుకెళ్లాడు. రోడ్డు బాగుపడింది. హార్బరు వైపు ఐసు లారీలు పోతున్నాయి. పాళెంలో తాటాకు ఇళ్లు లేవు, అన్నీ మిద్దెలే. పడవల్ని ఇప్పుడు ట్రాక్టరుతో లాగుతున్నారు.

పోలయ్యగారి ఇల్లెక్కడమ్మా అని మెట్టు మీద కూర్చున్న ఒక అమ్మాయిని వినయ్ అడిగాడు. ఆ అమ్మాయి చెయ్యి చూపించింది. చూపించి, నాతో మాట్లాడినట్టు చెప్పబాకండి సార్, ఆయన ఇంట్లో మీకు మంచినీళ్లు గూడా పుట్టవు అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. పేరు సునీత. మా యూనివర్సిటీలోనే ఎం.ఏ. చదివింది. పంచాయతీ ఎన్నికల్లో ఈ వార్డు ఏకగ్రీవం కావాలని పెద్దలు ఒక పేరు ఖాయం చేశారు. ఈమె నామినేషన్ వేసింది. వెనక్కి తీసుకోమన్నారు, తీసుకోలేదు. ఓడిపోయింది కూడా. ఎన్నికలు అయిపోయినా దురాయి మాత్రం దిగలేదు. పెద్దల కాళ్ల మీద పడి తప్పొప్పుకుంటే తీసేస్తామంటున్నారు. వాళ్ల నాన్నను ఏ పడవ మీదా ఎక్కించుకోవడం లేదు, కూలి వెతుక్కుంటూ నిజాంపట్నం దిక్కు వెళ్లాడు. ఇంట్లో ఈమె, వాళ్ల అమ్మ. ఎవరు వేశారమ్మా దురాయి అని అడిగాను. చెయ్యి మళ్లీ అదే ఇంటి వైపు చూపించింది. పోలయ్య ఇప్పుడు పెద్దకాపు.

లేచి వినయ్‌తో ఆ ఇంటికి వెళ్లాను. పోలన్న నన్ను చూసి సంతోషపడ్డాడు, కుర్చీ తుడిచి వేశాడు, అమ్మ ఎప్పుడు పోయిందని అడిగాడు. జుట్టు తెల్లబడింది గానీ గొంతు ఆనాటిదే. వినయ్ వచ్చిన పని చెప్పాడు. నేను మాత్రం సునీత సంగతి అడిగాను.

అతను నిదానంగా చాలా చెప్పాడు. ఊరు ఒక్క మాట మీద లేకపోతే తమను ఎవరూ లెక్కచెయ్యరన్నాడు. పెద్ద మరబోట్ల వాళ్లు, రొయ్యల చెరువుల వాళ్లు, ఆఫీసుల వాళ్లు, ఎవరి ముందుకు పోయినా ఊరంతా కలిసి పోతేనే కుర్చీ వేస్తున్నారన్నాడు. మా చిన్నప్పుడు అడగడానికి యూనియనైనా ఉండేది, ఇప్పటి పిల్లలకు ఊరు తప్ప ఏముందన్నాడు. అందులో అబద్ధం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

"ఆ పిల్ల నిలబడింది, అంతే గదన్నా," అన్నాను. "నువ్వు నిలబడినట్టే."

"నేను దిగిపోయినా. ఆ పిల్లను గూడా దిగమన్నాం. దిగలేదు."

ఆ మాట అతను కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. ఆనాడు శీనయ్య ఇంటి కోసం పదవి వదులుకున్నాడని నేను అనుకున్నాను. ఊరి మాటకు తలవంచాడని అతను అనుకున్నాడు. ఒకే పనిని ఇద్దరం ఇన్నేళ్లుగా వేరు వేరు పేర్లతో దాచుకున్నాం. ఏది నిజమో ఇప్పటికీ నాకు తెలియదు. శీనయ్య వాళ్ల పడవ నీళ్లలో పడిన మాట మాత్రం నిజం.

లేస్తుంటే పోలన్న గుమ్మం దాకా వచ్చాడు. పుస్తకంలో రాజీనామా చేశాడని రాయించు, ఎందుకు చేశాడన్నది వద్దన్నాడు. దురాయి కూడదని నేనే ఒకప్పుడు పదవి వదిలేసినానని ఊళ్లో చదివితే రేపు నా మాట చెల్లదు దయమ్మా, నువ్వు మాటిచ్చినావు అని గుర్తుచేశాడు. ఆ మనిషి అన్నం తిన్నది మా ఇంట్లో. అతన్ని అన్నా అని పిలిచాను. అయినా చెప్పాల్సింది చెప్పాను.

"ఆ మాట దురాయి పడిన ఇంటి కోసం ఏడ్చినోడికి ఇచ్చినా అన్నా. దురాయి వేసేటోడికి ఇయ్యలేదు."

అతను మళ్లీ నా భుజం మీదుగా దూరంగా చూశాడు. నేను కారెక్కాను. దారి పొడుగునా జరిగిందంతా వినయ్‌కు చెప్పాను. అతను రాసుకున్నాడు. రాసుకుని, పుస్తకం వేసే కమిటీ వాళ్లు ఇది వివాదమవుతుందని తీసేయొచ్చు మేడం అని ముందే చెప్పాడు. తీసేస్తారని నాకూ తెలుసు. పుస్తకాల్లో అధ్యక్షులు ఎప్పుడూ వ్యక్తిగత కారణాలతోనే రాజీనామా చేస్తారు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. మా యూనియన్ చివరి అధ్యక్షుడు పోలయ్య అమ్ముడుపోలేదు. భయపడలేదు. తన కోసం వేసిన దురాయి వల్ల ఒక ఇల్లు పస్తుంటే, ఆ గెలుపు తనకొద్దని పదవి వదిలేశాడు. అప్పట్లో ఈ ముక్క రాసినా ఆ పాళెంలో చదివేవాళ్లు నలుగురో ఐదుగురో. ఇప్పుడు ఇంటికొకరు ఉన్నారు.